ఆలిస్ కోల్ట్రేన్ ‘మాన్యుమెంట్ ఎటర్నల్’ చదివాను. ఇది వేదాంతమేనా?

పాతరికార్డు (విశాఖ)

జాజ్ వినేవాళ్లూ, వేదాంతం చదివినవాళ్లూ ఒకేచోట దొరికేది ఇక్కడే కాబట్టి అడుగుతున్నా. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ఆలిస్ కోల్ట్రేన్ దగ్గరికి నేను సంగీతం దారిలోనే వెళ్లాను. 1971లో వచ్చిన ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ మొదటిసారి విన్నప్పుడు తంబూరా మీద హార్ప్ అంత చక్కగా ఎలా కూర్చుందో అర్థంకాక మళ్లీ మళ్లీ వేసుకున్నా. ఆమె గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1937లో డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి. చిన్నప్పుడు చర్చిలో పియానో, పెద్దయ్యాక జాజ్. శాక్సోఫోన్‌లో ఇప్పటికీ పెద్ద పేరైన జాన్ కోల్ట్రేన్‌ని పెళ్లి చేసుకుంది. 1967 జులైలో ఆయన కాలేయ క్యాన్సర్‌తో నలభయ్యో ఏట పోయాడు. అప్పటికి ఈమెకు ముప్ఫై కూడా నిండలేదు. నలుగురు పిల్లలు, చివరివాడికి నాలుగు నెలలు. (ఒక కొడుకు పేరు రవి. మన రవిశంకర్ మీద గౌరవంతో పెట్టిన పేరే.) ఆయన ఆర్డరిచ్చిన హార్ప్ ఆయన పోయాక ఇంటికొచ్చింది. ఆమె అది నేర్చుకుంది. తర్వాత అమెరికాలో యోగా నేర్పుతున్న స్వామి సచ్చిదానంద పరిచయం, భారతదేశ యాత్ర, కాలిఫోర్నియాకు మకాం, కాషాయం, తురీయసంగీతానంద అన్న పేరు.

ఈ పుస్తకం 1977లో వచ్చిన ఆమె ఆధ్యాత్మిక ఆత్మకథ. చిన్నదే, ఒక్క రాత్రిలో అయిపోయింది. మింగుడు పడలేదు.

జాజ్ గురించి వెతికితే దాదాపు ఏమీ లేదు. భర్త పోయిన తర్వాత 1968 నుంచి 1970 దాకా తను పడిన పరీక్షల కాలాన్ని తపస్సు అంటుంది. నిద్ర లేదు, తిండి లేదు. 118 పౌండ్ల మనిషి 95కి దిగిపోయింది, అంటే పది కిలోలకు పైనే. బంధువులు హడలిపోయారు, ఆసుపత్రి దాకా వెళ్లింది వ్యవహారం. వేడిని తట్టుకునే ఒక పరీక్షలో కుడిచెయ్యి కాలింది. మాంసం ఊడిపోవడం, గోళ్లు నల్లబడటం చూస్తూ ఉండి, మిగిలిన దానికి బట్ట చుట్టుకున్నానని రాస్తుంది. పియానో, హార్ప్ వాయించే మనిషి కుడిచెయ్యి! అదంతా ఎక్కడా ఏడుపు లేకుండా, లెక్క అప్పజెప్పినట్టు రాసింది. ఇక మధ్యలో ప్రభువు మాట్లాడుతుంటాడు, ఆత్మ దేహం వదిలి సూక్ష్మలోకాలకు వెళ్లొస్తుంటుంది.

నేను ఉద్యోగంలో ఉండగా సాయంత్రాలు మాండూక్యోపనిషత్తు క్లాసులకు వెళ్లినవాణ్ణి. అక్కడ విన్న తురీయానికీ (మెలకువ, కల, గాఢనిద్ర దాటిన నాలుగో స్థితి), ఇక్కడ చదివినదానికీ పొంతన కుదరడం లేదు. ఈమె ప్రపంచంలో దేవుడు ఎవరు, ఆత్మ అంటే ఏమిటి, బాధ ఎందుకు? ఇది అద్వైతమా, థియోసఫీయా (తూర్పు, పడమర ఆధ్యాత్మిక భావాలను కలిపిన ఉద్యమం), లేక భర్త పోయిన దుఃఖం ఈ రూపంలో బయటికొచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

మండూకం

సూటిగా చెప్తా. అద్వైతం కాదు.

మాండూక్యంలో ఏడో మంత్రం గుర్తుచేసుకోండి. నాంతఃప్రజ్ఞం, న బహిఃప్రజ్ఞం (లోపలి ఎరుక కాదు, బయటి ఎరుక కాదు) అని మొదలుపెట్టి అదృష్టం, అవ్యవహార్యం (వ్యవహారానికి అందనిది), అగ్రాహ్యం అంటూ వరసగా కొట్టేసుకుంటూ వెళ్తుంది. చివరికి ప్రపంచోపశమం, శాంతం, శివం, అద్వైతం. అక్కడ మాట్లాడేవాడు లేడు, వినేవాడు లేడు, పరీక్ష పెట్టేవాడు అసలే లేడు. ఈవిడ తన పేరులోనే తురీయం పెట్టుకుంది గానీ పుస్తకం నిండా వ్యవహారమే. ప్రభువు ఆజ్ఞాపిస్తాడు, ఈవిడ పాటిస్తుంది. సూక్ష్మలోకాల్లో చూసిన వింతలన్నీ మాండూక్యం లెక్కలో రెండో పాదం, తైజసుడి కిందికి, అంటే కలగనే స్థితి కిందికి వస్తాయి. కల ఎంత గొప్పదైనా కలే.

జీవుడు నిజం, ఈశ్వరుడు నిజం, జీవుడు ఈశ్వరుడికి లోబడినవాడు అనుకుంటే రామానుజుల వైపుకు దగ్గర. కానీ అక్కడ కూడా ఆచార్యుడు ఉంటాడు, పరంపర ఉంటుంది. ఇక్కడ ఎవరూ లేరు. 1976లో కాషాయం కట్టుకోమని దేవుడే నేరుగా చెప్పాడట, కట్టేసుకుంది. సచ్చిదానంద స్వామి శివానందుల శిష్యుడు, ఆయన దగ్గర క్రమంగా తీసుకోవచ్చు కదా? అలా కాక ప్రభువు నాతో చెప్పాడంటే ఇక అడిగేవాడెవడు? రేపు ప్రతివాడూ స్వామే.

సంగీతం గొప్పదే. దాని గురించి నాకు పేచీ లేదు.

---

నైట్ డ్యూటీ

నేను డాక్టర్ని, సైకియాట్రీ కాదు, జనరల్ మెడిసిన్. ఆ కాలిన చెయ్యి పేజీ చదివి నాకు వేదాంతం గుర్తు రాలేదు, టెన్షన్ వచ్చింది. చంకలో పాలుతాగే పిల్లాడు, భర్త పోయాడు, నిద్ర లేదు, బరువు పడిపోతోంది, తనకు మాత్రమే వినపడే గొంతు. అలాంటి పేషెంటు రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి వస్తే నేను ప్రభువు గురించి అడగను, ముందు సెలైన్ పెట్టి సైకియాట్రిస్టుకి ఫోన్ కొడతా.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రెండేళ్లలోనూ, ఆ వెంటనేనూ ఆమె చేసిన రికార్డులు చూడండి, ఏడాదికి ఒకటి తక్కువ కాకుండా. పిల్లల్ని పెంచింది, తర్వాత ఆశ్రమం నడిపింది. మతి చలించింది అని ఒక్క ముక్కతో తేల్చే కేసు కాదిది. దుఃఖం అని కూడా అనలేను, ఎందుకంటే పుస్తకంలో దుఃఖం పేరుతో ఏమీ లేదు. నాకు జవాబు లేదు, మిగతావాళ్లు ఏమంటారో చూద్దామని రాశా.

---

హార్మోనియం (రామాయపట్నం, ఇప్పుడు హైదరాబాద్)

పాతరికార్డు గారూ, మీ ప్రశ్న చూసి చాలా రోజుల తర్వాత ఇక్కడ లాగిన్ అయ్యాను. మండూకం గారు చెప్పిన ఏడో మంత్రం సరిగ్గానే ఉంది. ఆ పుస్తకాన్ని తెరవాల్సిన తాళం మాత్రం అది కాదని నా అభిప్రాయం.

మా నాన్న బాప్టిస్టు పాస్టరు. నేను చిన్నప్పటి నుంచీ మా సంఘంలో హార్మోనియం వాయించాను. మా వైపు సంఘాలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు కట్టినవి. ఆలిస్ చిన్నప్పుడు పియానో వాయించింది కూడా బాప్టిస్టు చర్చిలోనే, డెట్రాయిట్‌లో మౌంట్ ఆలివ్. వాళ్లది నల్లవాళ్లు సొంతంగా కట్టుకున్న సంఘం, మాది తెల్ల మిషనరీలు కట్టింది, చరిత్ర వేరు. అయినా ఆ పుస్తకం మొదటి పేజీల్లోనే నాకు తెలిసిన గొంతు వినిపించింది. మా దగ్గర దాన్ని సాక్ష్యం అంటారు.

చర్చికి వెళ్లనివాళ్లకు చెప్తాను. ఆరాధన మధ్యలో మా నాన్న “సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగేవారు. చాపల మీద ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచేది. పొగాకు కూలికి పోయే మనిషి, వారమంతా ఎవరి ముందూ నోరెత్తని మనిషి. కొంగు నెత్తిమీదికి లాక్కుని మొదలుపెట్టేది. ముందు నేను ఇలా ఉన్నాను, తర్వాత ఈ జబ్బు వచ్చింది, అందరూ చేతులెత్తేశారు, రాత్రివేళ ప్రభువు నాతో మాట్లాడాడు, శోధించాడు, లేపాడు, ఇప్పుడు నాకు ఈ పని అప్పజెప్పాడు. ఆ వరస ఎప్పుడూ తప్పదు. ఆమె చెప్తున్నంతసేపూ హార్మోనియం మీద నేను ఒక్క స్వరం పట్టుకుని ఉండాలి, చిన్నగా. సంఘ పెద్దలకు ఆమె అంటే లెక్కలేకపోయినా, మధ్యలో ఆపే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఎందుకంటే “ప్రభువు నాతో అన్నాడు” అన్న తర్వాత ఆమెను ఆపడం అంటే ఎవరిని ఆపడమో వాళ్లకు తెలుసు.

‘మాన్యుమెంట్ ఎటర్నల్’ అచ్చంగా ఆ వరసలో నడుస్తుంది. మాటలు సంస్కృతం, నడక సాక్ష్యం. మీరు చెప్పిన ఏడుపు లేని తీరు కూడా అదే. సాక్ష్యంలో బాధను వర్ణించరు, నమోదు చేస్తారు. అప్పుడు ఇలా అయింది, దేవునికి స్తోత్రం, అంతే. నైట్ డ్యూటీ గారికి దుఃఖం కనిపించకపోవడానికి నాకు తోచే కారణం ఇదే. ఆ రకం మాటల్లో దుఃఖానికి విడిగా చోటు ఉండదు, అది శోధనలో, అంటే ప్రభువు పెట్టే పరీక్షలో, కలిసిపోతుంది.

ఇప్పుడు తపస్సు. మన పురాణాల్లో తపస్సు ఎవరు మొదలుపెడతారు? భగీరథుడు, ధ్రువుడు, పార్వతి. మనిషి పట్టుబడతాడు, దేవుడు దిగివస్తాడు, వరం ఇస్తాడు. ఆలిస్ తపస్సులో దిక్కు తారుమారు. మొదలుపెట్టేది ప్రభువు. ఈమె అడగలేదు, ఈమె మీదికి వచ్చింది. అది బైబిల్లో యోబు కథ, దేవుడు పరీక్షకు వదిలిన మంచి మనిషి కథ. “ఆయన నన్ను శోధించిన తరువాత నేను సువర్ణమువలె కనబడుదును” అని యోబు ఇరవై మూడో అధ్యాయంలో ఉంటుంది, మా నాన్న సమాధుల దగ్గర చదివే వాక్యం. ఆ కాలిన చేతిని ఆ వాక్యం పక్కన పెట్టి చదివితే ఆమెకు అది ఎందుకు సిగ్గుగానో, భయంగానో అనిపించలేదో తెలుస్తుంది. నాకు ఆ పేజీ ఇప్పటికీ ఇష్టం లేదు. అలాంటి దేవుణ్ణి నేను కోరుకోను. కానీ ఆమె ప్రపంచంలో బాధ ఎందుకు అన్న మీ ప్రశ్నకు జవాబు అదే: కర్మఫలం అన్న మాట ఆమె వాడినా, అక్కడ పనిచేసేది శోధన. బాధ వెనక లెక్కల పుస్తకం కాక ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి ఈమెతో పని ఉంది.

ఆత్మ గురించి. ఆమె ఆత్మకు పునర్జన్మలున్నాయి, లోకాల అంతస్తులున్నాయి, దేహం వదిలి తిరిగొచ్చే శక్తి ఉంది. ఇవి కొంత యోగ పుస్తకాల నుంచి, కొంత అప్పటి అమెరికాలో గాలిలో ఉన్న థియోసఫీ భాష నుంచి వచ్చాయి. 1946లో యోగానంద ఆత్మకథ వచ్చాక సంగీతకారుల ఇళ్లలో ఈ మాటలు మామూలైపోయాయి. పైగా జాన్ ఉన్నప్పుడే ఆ ఇంట్లో గీత, బైబిలు, ఖురాను, ఈజిప్టు దేవతలు అన్నీ ఒకే అరలో ఉండేవి. ఆయన 1964లో ‘ఎ లవ్ సుప్రీమ్’ రికార్డు అట్ట మీద రాసిన ఉత్తరం చూడండి, 1957లో దేవుని కృపతో తనకు మేలుకొలుపు కలిగిందని చెప్పుకుంటాడు. అదీ సాక్ష్యమే. ఆయన తాతలిద్దరూ మెథడిస్టు పాస్టర్లు. ఆలిస్‌కి ఈ దేవుళ్లందరూ ఒక్కడే అన్నది నిరూపించాల్సిన సిద్ధాంతం కాదు, ఆ ఇంటి గాలి. ఆ విషయంలో ఆమె ఎక్కువ వాదించదు, నేనూ వాదించను.

నాకు అసలు ముఖ్యమనిపించేది మండూకం గారు తప్పు పట్టిన చోటే ఉంది. ఎవరు అనుమతి ఇచ్చారు?

అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు ఈ ప్రశ్న ఆలిస్ కంటే నూట యాభై ఏళ్ల ముందే విన్నారు. జరీనా లీ అని ఒకామె, ఇళ్లలో పనిచేసే మనిషి. వెళ్లి సువార్త ప్రకటించు అన్న గొంతు విన్నది. ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన తెల్లవాళ్ల చర్చిలో అవమానం భరించలేక బయటికొచ్చి నల్లవాళ్లకు సొంత సంఘం కట్టినవాడు. అంతటివాడు కూడా, ఆడవాళ్ల బోధకు మా నియమాల్లో చోటు లేదన్నాడు. ఏళ్లు గడిచాక ఒకరోజు బెతెల్ చర్చిలో బోధకుడు మధ్యలో తడబడితే ఈమె లేచి అందుకుని ప్రసంగం చేసేసింది. అలెన్ అక్కడే ఉన్నాడు, అప్పుడు ఒప్పుకున్నాడు. 1836లో ఆమె తన జీవితాన్ని తనే అచ్చు వేయించుకుంది.

ఆ తర్వాత రెబెకా కాక్స్ జాక్సన్. కుట్టుపని చేసుకునే మనిషి, చదువు రాదు. అన్నయ్య చర్చి బోధకుడు, ఈమె చెప్తుంటే ఉత్తరాలు రాసిపెట్టేవాడు. కానీ ఈమె చెప్పింది రాయకుండా తనకు నచ్చినట్టు దిద్దేవాడు. అడిగితే విసుక్కునేవాడు. ఆమెకు ఏడుపొచ్చింది. కొన్నాళ్లకు, కుట్టుపనిలో కూర్చుని ఉండగా, మొదటి మనిషికి చదువు నేర్పినవాడు నీకూ నేర్పగలడు అన్న మాట లోపల వినిపించిందట. పని పక్కన పెట్టి, బైబిలు తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించి తెరిచింది, చదవగలిగింది. ఇది 1831. నిజంగా అలా జరుగుతుందా అని నన్ను అడగకండి. ఆ అన్నయ్య కలం నుంచి తన మాటను విడిపించుకోవడానికి ఆమెకు ఇంకే దారి ఉంది? తర్వాత ఆమె షేకర్లలో చేరింది, దేవుడిలో తల్లి కూడా ఉందని నమ్మే జనం వాళ్లు.

వీళ్లందరి తత్వంలోనూ నడిమధ్యన ఉన్నది ఒక్కటే: మాట్లాడే దేవుడు. మధ్యవర్తి లేకుండా, బిషప్పు సంతకం లేకుండా, నేరుగా ఒక నల్లజాతి స్త్రీతో. ఆ దేవుణ్ణి తీసేసి అక్కడ అవ్యవహార్యమైన బ్రహ్మాన్ని పెడితే తత్వం శుభ్రపడుతుంది గానీ ఆమె కాళ్ల కింది నేల పోతుంది. మౌనంగా ఉండే బ్రహ్మం ఎవరినీ దేనికీ నియమించదు. అందుకే తురీయం పేరు పెట్టుకుని కూడా ఆలిస్ ప్రభువు గొంతును వదల్లేదు. తర్వాత వచ్చిన ‘ఎండ్‌లెస్ విజ్డమ్’ అనే పుస్తకమైతే మొత్తం ప్రభువు చెప్పగా తను రాసుకున్నదే అంటుంది.

ఇది హిందూ పుస్తకం కాదు అనడం నా ఉద్దేశం కాదు. ఆమె కాషాయం నిజం, భజన నిజం. తనకు కావాల్సిన దేవుణ్ణి డెట్రాయిట్ నుంచి తెచ్చుకుంది, ఆయన ఉండటానికి కావాల్సినంత పెద్ద విశ్వం మన వైపు దొరికింది. బాప్టిస్టు లోకంలో జన్మలు లేవు, అంతస్తులు లేవు, చనిపోయినవాళ్లు తీర్పుదినం దాకా దొరకరు. ముప్ఫై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న మనిషికి అది ఇరుకు.

---

మండూకం

హార్మోనియం గారూ, బాగా రాశారు. జరీనా లీ సంగతి నాకు తెలియదు. అయినా నా అనుమానం అలాగే ఉంది. తలుపు మూసినవాళ్ల తప్పు ఒప్పుకుంటా. కానీ గొంతు నిజమా కాదా తేల్చడానికి బయట ఏదో ఒక కొలబద్ద ఉండాలి కదా? మనకు శాస్త్రం ఉంది, గురువు ఉన్నాడు. ఆమెకు ఏముంది? చెయ్యి కాలుతుంటే ఇది ప్రభువు మాట కాదు, ఆపు అని చెప్పేవాడు ఒకడుంటే బాగుండేది.

---

హార్మోనియం

బాగుండేది. ఆ మాటకు నా దగ్గర ఎదురు లేదు. మా సంఘంలోనూ తప్పు సాక్ష్యాలు చూశాను, అప్పులు ఎగ్గొట్టినవాళ్లు కూడా ప్రభువు పేరు చెప్పేవాళ్లు. మా నాన్న కొలబద్ద ఒకటే, చెప్పిన మనిషి తర్వాత ఎలా బతికింది, ఆమె వల్ల ఎవరు తిన్నారు అని చూసేవారు. అది శాస్త్రం కాదు, ఆలస్యంగా తేలే లెక్క. ఆలిస్ తర్వాత ముప్ఫై ఐదేళ్లకు పైగా బతికింది, ఆ రెండేళ్ల లాంటి తపస్సును తన శిష్యుల మీద రుద్దినట్టు నేను ఎక్కడా చదవలేదు. వాళ్లతో చేయించింది పాట.

---

అగోరా బావ

నేను లాస్ ఏంజెలెస్‌కి పడమర, అగోరా హిల్స్ దగ్గర ఉంటాను. ఆవిడ ఆశ్రమం అక్కడే కొండల్లో ఉండేది, 48 ఎకరాలు, 1983లో పెట్టింది. మొదట శాంతి అనంతం, తర్వాత సాయి అనంతం అని పేరు మారింది. అవును, మన పుట్టపర్తి సాయే. ఆవిడ సత్యసాయి బాబా భక్తురాలైంది. ఇక్కడి తెలుగువాళ్లం కొందరం ఆ పేరు విని ఆదివారం భజనకు వెళ్లేవాళ్లం. వేదాంతం నాకు తెలియదు, విన్నది చెప్తా.

మనం పుట్టపర్తిలో పాడే పద్ధతి తెలుసు కదా, ఒకరు లైన్ పాడతారు, అందరూ అందుకుంటారు, రెండోసారి వేగం పెంచి ముగిస్తారు. అక్కడా గోవింద జయ జయ అనే పాడేవారు, మాట మాటా అదే. కానీ చప్పట్లు మన చప్పట్లు కావు. మనం దెబ్బ వేసే చోట వాళ్లు ఖాళీ వదిలి, ఆ తర్వాతి దెబ్బ మీద కొట్టేవారు. మొదట నా చేతులు ఒకటి, పక్కావిడ చేతులు ఒకటి. కాసేపటికి నా చేతులే మారిపోయాయి. స్వామిని, అంటే ఆలిస్, ఆర్గాన్ దగ్గర కూర్చుని ఉండేది, కాషాయంలో, చాలా నిదానంగా మాట్లాడే మనిషి. ఆర్గాన్ మొదలుపెడితే మాత్రం ఆ నిదానం ఉండేది కాదు. ఎవరో ఒకావిడ గొంతెత్తి రామా అని లాగేది, ఆ లాగడం మన త్యాగరాజస్వామి వైపుది కాదు, పూర్తిగా వాళ్ల చర్చిది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒకసారి తీసుకెళ్లా. “భజన మనదే గానీ పూనకం వాళ్లదిరా” అంది, ప్రసాదం తింటూ.

ఆవిడ 2007 జనవరిలో పోయింది. 2018 నవంబరులో వచ్చిన వూల్సీ కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది. ఇప్పుడు చూద్దామన్నా ఏం లేదక్కడ.

---

పాతరికార్డు

అందరికీ థాంక్స్. హార్మోనియం అక్కా, యోబు వాక్యం పెట్టుకుని ఆ పరీక్షల భాగం మళ్లీ చదివాను. చేతి పేజీ ఇప్పటికీ కష్టంగానే ఉంది, కానీ ఎందుకు అలా రాసిందో పట్టు దొరికింది. ఒక్క సందేహం మిగిలింది. బాబాను అవతారంగా ఒప్పుకుంది అంటే చివరికి మధ్యవర్తి వచ్చినట్టే కదా? మాట్లాడే దేవుడు ఎదురుగా మనిషి రూపంలో దొరికాడు కాబట్టి లోపలి గొంతు అవసరం తగ్గిందా?

బావగారూ, మీ అమ్మగారి మాట నా డైరీలో రాసుకున్నా.

---

హార్మోనియం

తమ్ముడూ, తగ్గలేదనే అనుకుంటున్నా. వరసలో చూడు. 1976 నాటికే ఆమె కాషాయం, పేరు, తన మనుషులు అన్నీ ఉన్నాయి. ఆశ్రమానికి సాయి పేరు పెట్టింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. నియమించినవాడు లోపల ఎప్పుడో నియమించాడు. బయట కనబడినవాణ్ణి చూసి ఈయనే ఆయన అని ఆమే గుర్తుపట్టింది, అనుమతి కోసం నిలబడలేదు. గురువు దగ్గర దీక్ష తీసుకోవడానికీ దీనికీ తేడా ఉంది. మండూకం గారు దీన్ని కూడా ఒప్పుకోరు, తెలుసు.

---

మండూకం

ఒప్పుకోను. కానీ ఆ భజనల రికార్డులు ఎక్కడైనా దొరుకుతాయేమో చెప్పండి.

---

హార్మోనియం

ఆశ్రమం వాళ్ల కోసం ఆమె సొంతంగా వేసుకున్న క్యాసెట్లు నాలుగు, మొదటిది 1982లో ‘తురీయ సింగ్స్’. వాటిలో కొన్ని పాటలు ఏరి 2017లో న్యూయార్క్ కంపెనీ ఒకటి మళ్లీ తెచ్చింది, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అగోరా బావ చెప్పిన చప్పట్లు వినాలంటే అందులో సామూహికంగా పాడినవి వినండి. ‘తురీయ సింగ్స్’ రెండు రూపాల్లో ఉంది. 1982 క్యాసెట్‌లో సింథసైజర్లు, స్ట్రింగ్స్ కలిపారు. 2021లో కొడుకు రవి బయటపెట్టినదాంట్లో ఆమె గొంతు, వర్లిట్జర్ ఆర్గాన్ తప్ప ఏమీ లేవు. ముందు 2021ది వినండి, హెడ్‌ఫోన్స్‌తో. ఆర్గాన్ ఎడమచేతి స్వరాలు ఫోన్ స్పీకర్‌లో వినపడవు.